ఉదయగిరి దుర్గం చుట్టూ నూర్బర్గ్‌రింగ్ లాంటి ట్రాక్ కట్టగలమా?

వెలిగొండ_గాలి
జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ కార్ల పందాల ట్రాక్ ఉత్తర వలయం గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. పొడవు 20.832 కిలోమీటర్లు, మలుపులు 73. అన్నిటికన్నా పల్లపు చోటుకీ, అన్నిటికన్నా ఎత్తైన చోటుకీ మధ్య తేడా దాదాపు 300 మీటర్లు. 1925లో పని మొదలుపెట్టి 1927లో తెరిచారు. ఐఫెల్ కొండల ప్రాంతంలో పనుల్లేని జనానికి కూలి దొరకాలని తలపెట్టిన పని అది. వలయం మధ్యలో నూర్బర్గ్ అనే ఊరు, ఊరి మీద కొండ, కొండ మీద పాత కోట.

నాది ఉదయగిరి వైపు పల్లె. దుర్గం చుట్టూ ఉన్న వాలు, వాగులు, గుట్టలు చిన్నప్పటి నుంచీ కాళ్లకు తెలుసు. ఆ ట్రాక్ పటం మొదటిసారి చూసినప్పుడు నాకు కనిపించింది మా కొండే. నా ప్రశ్న ఇది: అవే కొలతలతో, అవే మలుపులతో, అవే ఎత్తుపల్లాలతో దుర్గం చుట్టూ ఒక ప్రతిరూపం కట్టడం సాధ్యమా? డబ్బు సంగతి తరువాత చూద్దాం. నేల, రాయి, ఎండ, చట్టం, వీటిలో దేని దగ్గర ఆగిపోతాం? కుదరదని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు దయచేసి కారణం కూడా రాయండి.

ఒంగోలు_గిత్త
శ్రీకృష్ణదేవరాయలు అంతటివాడికే ఆ కోట చేతికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. 1514లో గానీ లొంగలేదు. నువ్వు కార్లేసుకుని వెళతానంటున్నావు అన్నా!

తారుడ్రమ్ము
నేను హైవే పనుల్లో ఉన్నాను కనుక ముందు అందరూ భయపడే లెక్క చెబుతాను. వెడల్పు సగటున 9 మీటర్లు అనుకుందాం. 20.832 కిలోమీటర్లకు లక్షా 87 వేల చదరపు మీటర్ల పైచిలుకు. తారు పొరలన్నీ కలిపి 15 సెంటీమీటర్లు వేస్తే సుమారు 67 వేల టన్నుల మిశ్రమం. వినడానికి పెద్ద అంకె. కానీ నాలుగు వరుసల రోడ్డు ఒక 10 కిలోమీటర్లు వేస్తే పట్టేది కూడా దాదాపు అంతే. మన జాతీయ రహదారి మీద ఇలాంటి పని ఎన్నిసార్లు జరగలేదు?

కాబట్టి తారు దగ్గర ఆగం. ఎత్తు దగ్గర ఆగుతాం. 300 మీటర్ల తేడాను మట్టి పోసి తయారు చేయడం ఎవరి తరమూ కాదు. అది నేలలోనే ఉండాలి. ఉన్నా, సరిగ్గా ఆ మలుపు దగ్గర ఆ ఎత్తే ఉండాలి. అసలు ట్రాక్ కట్టినవాళ్లు కొండ ఎటు తిరిగితే రోడ్డును అటు తిప్పారు. నువ్వు తయారైన రోడ్డును తెచ్చి వేరే కొండ మీద పరవాలంటున్నావు. అప్పుడు ఒకచోట కొండ తవ్వాలి, ఇంకోచోట లోయ పూడ్చాలి. పొడవునా ఇదే పని.

సిమ్_సీటు
కావలిలో మా గదిలో కూర్చుని రోజూ ఆ ట్రాక్ మీద తిరుగుతున్నాను. లేజర్‌తో కొలిచి తయారు చేసిన మోడల్ కంప్యూటర్లో ఉంది. ప్రతి గతుకూ దొరుకుతుంది. ప్రతిరూపం ఇప్పటికే ఉండగా మళ్లీ కట్టడం ఎందుకు?

బుల్లెట్_బత్తాయి
@సిమ్_సీటు, కుర్చీలో కూర్చుంటే కడుపులో ఏమీ కదలదు తమ్ముడూ. బండి గుంటలోకి దిగి పైకి లేచేటప్పుడు ఒంటి మీద పడే బరువును ఏ తెర చూపిస్తుంది?

సిమ్_సీటు
అది ఒప్పుకుంటాను. కానీ మోడల్ వల్ల ఒక మేలు ఉంది. అందులోని ఎత్తుల పట్టికను మన కొండ ఎత్తుల పటం మీద పెట్టి చూడవచ్చు. ఎక్కడ ఎంత కలుస్తుందో తెలిసిపోతుంది. ఊహల మీద వాదించుకోనక్కరలేదు.

వెలిగొండ_గాలి
@తారుడ్రమ్ము గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ మొత్తం వలయం అక్షరాలా కలవాలని లేదు కదా. ముఖ్యమైన పది పన్నెండు మలుపులు కలిసినా చాలు. మధ్య రోడ్డు మన కొండ వాలును బట్టి వెళుతుంది.

తారుడ్రమ్ము
అయితే దాన్ని ప్రతిరూపం అనకు, దాని పోలికతో కట్టిన కొత్త ట్రాక్ అను. అది తక్కువ పనేమీ కాదు. అమెరికాలో ఆస్టిన్ దగ్గర 2012లో తెరిచిన ట్రాక్ అలాంటిదే. సిల్వర్‌స్టోన్ వంకర మలుపుల వరస, హాకెన్‌హైమ్ చివరి భాగం, ఇస్తాంబుల్ ఎనిమిదో మలుపు, ఇలా వేరే ట్రాక్‌ల పోలికలు తెచ్చి ఒకచోట పెట్టారు. మొదటి మలుపు దగ్గర 40 మీటర్ల దాకా ఎక్కుడు ఉంటుంది. ప్రపంచ పోటీలు అక్కడ జరుగుతూనే ఉన్నాయి.

కనిగిరి_బిందె
నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, కార్ల గురించి తెలియదు. కానీ మట్టి పొర పొరకూ నీళ్లు తడిపి రోలరు తిప్పుతారని తెలుసు. ఆ నీళ్లు ఎక్కడివి? మా వైపు బోరు వేస్తే వచ్చేవి ఫ్లోరైడు నీళ్లు. ఎండాకాలం ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కనే పిల్లలు హోంవర్కు చేసుకుంటారు. ఏ బిందె ఎవరిదో అంచు మీద వేసిన రంగు గుర్తును బట్టి చెబుతారు. వెలిగొండ సొరంగాల నుంచి కృష్ణ నీళ్లు ఎప్పుడు వస్తాయా అని ఒక తరం ఎదురుచూసింది. ఉదయగిరి, మర్రిపాడు, వరికుంటపాడు వైపు కూడా ఇంతకన్నా గొప్పగా లేదు. ఇక్కడ 20 కిలోమీటర్ల సరదా రోడ్డుకు నీళ్లు పోస్తామంటే నేను ఒప్పుకోను. కోపంగా రాస్తున్నానని అనుకున్నా ఫరవాలేదు.

ఒంగోలు_గిత్త
ఈ మాటకు ఎదురు చెప్పేవాడు నాకు కనబడటం లేదు.

వెలిగొండ_గాలి
అమ్మా, నేనూ ఆ నీళ్లు తాగి పెరిగినవాడినే. మా ఇంట్లో పెద్దవాళ్ల పళ్లు చూస్తే మీకు తెలుస్తుంది. మీ ప్రశ్నకు జవాబు దొరకకుండా ఈ చర్చ ముగియదు. ప్రస్తుతానికి దాన్ని మొదటి అడ్డంకిగా రాసుకుంటున్నాను.

పెన్నా_ఒడ్డు
రెండో అడ్డంకి నేను చెబుతాను. దుర్గం కొండలో, చుట్టూ ఉన్న వెలిగొండల్లో పెద్ద భాగం రిజర్వు అడవి. ఇంకా దక్షిణానికి, పెంచలకోన వైపు వెళితే పెనుశిల నరసింహ అభయారణ్యం. అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే 1980 నాటి అటవీ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. ఇచ్చినా, బదులుగా వేరేచోట అడవి పెంచాలి. కోట కట్టడాల్లో పురావస్తు శాఖ రక్షణ కింద ఉన్నవాటి చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆ తరువాత మరో 200 మీటర్లు నియంత్రణ. అనుమతి ఇవ్వాల్సిన శాఖలు ఒకటి కాదు, నాలుగైదు.

భూమి కూడా చూడండి. రోడ్డు, రెండు వైపులా ఖాళీ చోటు, కంచె, సర్వీసు దారి అన్నీ కలిపి సగటున 60 మీటర్ల పట్టీ అనుకుంటే దాదాపు 310 ఎకరాలు. ఇదీ పెద్దది కాదు. కానీ వలయం లోపల చిక్కుకున్న భూమి మాటేమిటి? లోపలి పొలానికి వెళ్లే రైతుకు, మేకలు తోలుకుపోయే మనిషికి ఎన్ని వంతెనలు కడతావు? నూర్బర్గ్‌లో ఆ రోడ్ల కింద నుంచీ, పై నుంచీ మామూలు దారులు వెళతాయి. వందేళ్లుగా అది అక్కడి జీవితంలో కలిసిపోయింది. మనం ఒక్కసారిగా గోడ కట్టినట్లు అవుతుంది.

ముత్తుకూరు_బూడిద
కొండ మీద ఇన్ని తలనొప్పులుంటే కోస్తాకు దిగండి. ఎత్తుపల్లాలు అక్కరలేని పేరున్న ట్రాక్ ఒకటి ఉంది, మోంజా. ఇటలీలో 1922లో 3,500 మంది కూలీలతో 110 రోజుల్లో కట్టేశారు. ఇప్పటి పొడవు 5.793 కిలోమీటర్లు. దాదాపు చదును నేల. మా ముత్తుకూరు వైపు నేల అంతకన్నా చదును. నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద హైవే కట్టలకు పోతూనే ఉంది, దీనికీ పోతుంది. రేవు పక్కనే కనుక కార్లు ఓడలోంచి నేరుగా దిగుతాయి.

తారుడ్రమ్ము
@ముత్తుకూరు_బూడిద, చదును నేల సులువని అనుకోకు. మీ వైపు పైన నల్ల బంకమట్టి, కింద మెత్తని ఒండ్రు. మామూలు రోడ్డు నాలుగు అంగుళాలు కుంగినా లారీ డ్రైవరు తిట్టుకుంటూ వెళ్లిపోతాడు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు చిన్న అల కూడా ప్రమాదం. చైనాలో షాంఘై ట్రాక్‌ను చిత్తడి నేల మీద కట్టారు. వేల సంఖ్యలో పైల్స్, అంటే లోతైన స్తంభాలు, నేలలోకి దించి, బరువు తగ్గించడానికి మట్టికి బదులు తేలికపాటి పాలీస్టైరీన్ దిమ్మెలు పేర్చారు. అయినా కొన్నేళ్లకు కుంగుడు మరమ్మతులు తప్పలేదు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ దగ్గర తుపానులు.

ముత్తుకూరు_బూడిద
తుపాను వస్తే మీ కొండల్లో వాన పడదా? అయినా మేము రొయ్యల చెరువు గట్లు తుపానుకు ఆపుకునేవాళ్లం. మా నేలను అంత తేలిగ్గా తీసేయకండి.

షోలవరం_రోజులు
పిల్లలూ, ఒక పాత మాట చెబుతాను. యౌవనంలో నెల్లూరు నుంచి మద్రాసు బస్సు ఎక్కి, ఊరు ఇంకా రాకముందే షోలవరంలో దిగేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. దాని మీదే పందాలు. మేడలు లేవు, గ్యాలరీలు లేవు. ఎండలో నిలబడి చూసేవాళ్లం. పాత రేసు మోటారు సైకిళ్లలో ఆముదం కలిసిన ఇంజను ఆయిలు పోసేవారు. అది కాలిన వాసన తీయగా, ఘాటుగా ఉండేది. చొక్కా ఉతికినా ఓ పట్టాన పోయేది కాదు. మా అమ్మ ఆ వాసన పట్టి నేనెక్కడికి వెళ్లానో చెప్పేది.

నేను చెప్పదలచింది ఇది. ఆ రన్‌వేకు కొండా లేదు, లోయా లేదు. అయినా దక్షిణాదిలో బండి నడపడం తెలిసిన ఒక తరం అక్కడ తయారైంది. వాళ్ల క్లబ్బే తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల ట్రాక్ కట్టింది. 1990 నుంచి అది నడుస్తోంది. నెల్లూరు నుంచి ఒక పూట ప్రయాణం. ఇక్కడ రాసేవాళ్లలో ఎంతమంది వెళ్లి చూశారు?

బుల్లెట్_బత్తాయి
నేను వెళ్లాను బాబాయి గారూ. అక్కడ ఒక రోజు శిక్షణ తీసుకున్నాక రోడ్డు మీద వేగం తగ్గింది నాకు. బ్రేకు ఎక్కడ వేయాలో తెలిసినవాడికే ఎక్కడ వేయకూడదో భయం ఉంటుంది.

మా గూడూరు వైపు రాత్రి పది దాటితే బైపాస్ మీద పందాలు. సైలెన్సర్లు తీసేసిన బళ్లు. పోయిన వేసవిలో మా వీధి కుర్రాడు లారీ వెనక్కి దూరిపోయాడు. బతికాడు గానీ మోకాలు పోయింది. బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు. మన మోటారు బీమా పాలసీలన్నిటిలో పందాలకూ, వేగ పరీక్షలకూ వర్తించదని రాసే ఉంటుంది. ఎవరూ చదవరు. నాకు ట్రాక్ కావాలనేది అందుకే. నూర్బర్గ్‌రింగా, మోంజానా అన్నది నాకు రెండో సంగతి.

సిమ్_సీటు
కొరిశపాడు, రేణింగివరం మధ్య జాతీయ రహదారి మీద విమానాలు దిగే రన్‌వే ఉంది కదా, 4.1 కిలోమీటర్లు. 2022 డిసెంబరులో యుద్ధ విమానాలు ట్రయల్ కూడా చేశాయి. షోలవరంలాగా ఏడాదికి ఒక్క ఆదివారం దాన్ని వాడుకోలేమా?

పెన్నా_ఒడ్డు
అది అత్యవసరానికి వాయుసేన కోసం కట్టింది. మిగతా రోజుల్లో కలకత్తా, చెన్నై లారీలు పోయే దారి. దాన్ని పందెం కోసం ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ పెట్టారు. నగరం రోడ్లు మూసి, గోడలు పేర్చి, అంత హడావుడి చేసి, మరుసటి ఏడాదికే రద్దయింది. ఉన్న రోడ్డును అరువు తీసుకుంటే అంతే.

సైరన్108
నేను అంబులెన్సులో పనిచేస్తాను. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. 20 కిలోమీటర్ల వలయంలో పన్నెండో కిలోమీటరు దగ్గర కారు తగలబడితే ఎంతసేపట్లో చేరతాం?

1976 ఆగస్టు 1న అదే నూర్బర్గ్‌రింగ్‌లో రేసు డ్రైవరు నికీ లౌడా కారు బెర్గ్‌వెర్క్ మలుపు ముందు గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. ఆయన్ను బయటకు లాగింది అగ్నిమాపక సిబ్బంది కాదు, వెనక కార్లలో వస్తున్న తోటి డ్రైవర్లు. అంత పొడవైన ట్రాక్‌లో సిబ్బంది ప్రతి మలుపు దగ్గరా ఉండటం కుదరదని ప్రపంచానికి తెలిసిపోయింది. ఆ తరువాత ఫార్ములా వన్ ఆ పాత వలయానికి తిరిగి రాలేదు. 1984లో పక్కనే చిన్న ట్రాక్ కట్టాకే నూర్బర్గ్‌రింగ్‌కు వచ్చింది.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు. తల దెబ్బతిన్న మనిషిని ఆత్మకూరు మీదుగా ఆ దారిలో తీసుకుపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక చేత్తో ఆక్సిజన్ మాస్కు పట్టుకుని, రెండో చేత్తో స్ట్రెచరు కడ్డీ పట్టుకుని, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా మనిషి మెడ కదలకుండా మోచేత్తో అదిమి పెట్టాలి. ట్రాక్ ఎక్కడ కట్టినా, ఆసుపత్రికి అరగంట దాటని చోట కట్టండి.

వెలిగొండ_గాలి
ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆసుపత్రి దూరాన్ని నీళ్ల పక్కనే రాసుకుంటున్నాను.

పెన్నా_ఒడ్డు
డబ్బు సంగతి తరువాత అన్నారు గానీ, ఇప్పుడు చెప్పక తప్పదు. నోయిడా దగ్గర బుద్ధ్ ట్రాక్ 5.125 కిలోమీటర్లు, సుమారు 875 ఎకరాలు. దానికి దాదాపు 40 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. 2011, 2012, 2013, మూడే మూడు ఫార్ములా వన్ పందాలు. మూడూ జర్మన్ డ్రైవరు వెటెలే గెలిచాడు. అది క్రీడా, వినోదమా, పన్ను ఎంత అన్న తగాదాతో పోటీ వెళ్లిపోయింది. మళ్లీ 2023లో మోటారు సైకిళ్ల ప్రపంచ పోటీ మోటోజీపీ ఒక్కసారి వచ్చింది.

నూర్బర్గ్‌రింగ్ కూడా దెబ్బతింది. ట్రాక్ చాలదని 2009 నాటికి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం హోటళ్లు, వినోద పార్కు, రోలర్ కోస్టరు కట్టించింది. 2012లో ట్రాక్ సొంతదారు సంస్థ దివాలా తీసింది. 2014లో అమ్మేశారు. రోలర్ కోస్టరు కొద్ది రోజులకే మూతపడింది. ట్రాక్ మాత్రం ఇప్పటికీ డబ్బు తెస్తోంది. ఎందుకంటే మామూలు మనిషి తన కారుతో వచ్చి రుసుము కట్టి ఒక చుట్టు తిరగవచ్చు. కంపెనీలు కొత్త కార్లను పరీక్షించుకుంటాయి. ప్రపంచ పోటీని నమ్ముకుని కట్టినవాడు మునుగుతాడు, రోజువారీ గిరాకీని నమ్ముకున్నవాడు నిలబడతాడు. మన చర్చ ఆ దారిలో వెళ్లాలి.

తారుడ్రమ్ము
కంపెనీల మాట వచ్చింది కనుక అసలు ఉదాహరణ చెబుతాను. టొయోటా వాళ్లు జపాన్‌లో షిమోయామా దగ్గర కొండల్లో పరీక్షా కేంద్రం కట్టుకున్నారు. నూర్బర్గ్‌రింగ్‌ను మనసులో పెట్టుకుని వేసిన రోడ్డు ఒకటి అందులో ఉంది. 2019లో తెరిచారు. దాని పొడవెంతో తెలుసా? 5.3 కిలోమీటర్లు. ఎత్తు తేడా సుమారు 75 మీటర్లు. అంత డబ్బూ, అంత నైపుణ్యమూ ఉన్నవాళ్లే 20 కిలోమీటర్ల జోలికి పోలేదు. గుంటలోకి దిగి లేచే అనుభవం, మిట్ట ఎక్కి అవతల ఏముందో కనబడని మలుపు, కారు తేలికైపోయే చోటు, ఇవి ఏరుకుని ఐదు కిలోమీటర్లలో కూర్చారు. ఇదే మనకు కొలబద్ద.

వెలిగొండ_గాలి
ఐదు కిలోమీటర్లయినా 75 మీటర్ల తేడా కావాలి కదా. అడవి కాకుండా, పొలం కాకుండా అలాంటి నేల ఎక్కడుంది?

చీమకుర్తి_నల్లరాయి
ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. ఆ నేల మా దగ్గర ఉంది.

చీమకుర్తి, రామతీర్థం చుట్టూ గెలాక్సీ రాయి క్వారీలు. దేశదేశాలకు పోయే నల్లరాయి, లోపల బంగారు రంగు చుక్కలు. దిమ్మె ఒకటి పనికొస్తే దానికి ఎన్నో రెట్లు వ్యర్థం మిగులుతుంది. ఆ వ్యర్థాన్ని పోసి పోసి గుట్టలయ్యాయి. రాత్రిపూట దూరం నుంచి చూస్తే కొండల వరస అనుకుంటారు. పక్కనే క్వారీ గుంటలు, అంచున నిలబడి చూస్తే కింద ఎక్స్‌కవేటరు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. గుంట అడుగుకీ గుట్ట నెత్తికీ తేడా కొలిస్తే ఈ చర్చలో అడిగిన ఎత్తు వస్తుందని నా నమ్మకం. అక్కడ పంటా లేదు, అడవీ లేదు. ఒంగోలు పెద్దాసుపత్రి అరగంట.

గుట్ట మీద పనిచేసినవాడిగా ఒక జాగ్రత్త కూడా చెబుతాను. టిప్పరు ఒలికించిన రాయి వదులుగా ఉంటుంది. పెద్ద బండల మధ్య సందులు ఉంటాయి. వాన పడ్డాక మట్టి ఆ సందుల్లోకి జారి పైభాగం కుంగుతుంది. కొత్త గుట్ట అంచుకు బండి తీసుకుపోతే మా మేస్త్రీ కేకలేసేవాడు. పాత గుట్టలు కొంత సర్దుకుని ఉంటాయి.

ఒంగోలు_గిత్త
వంటింటి గట్టు రాయి మీద కార్ల పందెం! మా జిల్లా పరువు నిలబెట్టావు మామా.

బుల్లెట్_బత్తాయి
ఆ రాయినే కంకరగా కొట్టి తారులో కలిపితే ఖర్చు ఇంకా తగ్గుతుంది కదా?

తారుడ్రమ్ము
కింది పొరలకు బాగుంటుంది. పై పొరకు మాత్రం పరీక్ష చేయించకుండా వాడకూడదు. వ్యాపారంలో గ్రానైటు అంటున్నాం గానీ చీమకుర్తి నల్లరాయి గాబ్రో జాతిది. గట్టిదే. కానీ గట్టిదనం వేరు, టైర్ల రాపిడికి నునుపు తేలకుండా గరుకు నిలుపుకోవడం వేరు. అద్దంలా మెరుగు పడుతుందనే ఆ రాయిని అంత ధరకు కొంటున్నారు. అదే గుణం రేసు ట్రాక్‌కు శత్రువు కావచ్చు. బహ్రెయిన్ వాళ్లు ఎడారిలో ట్రాక్ కడుతూ, గరుకు నిలుస్తుందని గ్రేవాకీ అనే రాతి కంకరను ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ నుంచి ఓడల్లో తెప్పించుకున్నారు. రాయి ఎంపిక అంత పట్టింపు.

ఎండ మాట కూడా చెప్పుకోవాలి. రోహిణి కార్తెలో మన తారు రోడ్డు మీద చెప్పు అంటుకుంటుంది. మామూలు తారు పనికిరాదు, పాలిమర్ కలిపిన తారు వేయాలి. అది ఇప్పుడు మన హైవేల్లోనూ వాడుతున్నదే, దొరకని సరుకు కాదు.

సిమ్_సీటు
గుట్టలే ఉంటే నాకు వేరే ట్రాక్ గుర్తుకొస్తోంది. కాలిఫోర్నియాలో లగూనా సెకా, 1957 నుంచి ఉంది. మొత్తం 3.602 కిలోమీటర్లు, 11 మలుపులు. అందులో కార్క్‌స్క్రూ అనే చోట మిట్ట ఎక్కగానే రోడ్డు కనబడదు. ఎడమకు, వెంటనే కుడికి తిరుగుతూ 137 మీటర్ల దూరంలో 18 మీటర్లు కిందకు జారుతుంది. ఐదంతస్తుల మేడ మీద నుంచి దిగినట్లు. నూర్బర్గ్‌రింగ్‌కు బదులు అది చేద్దాం.

వెలిగొండ_గాలి
ఒప్పుకోను. కార్క్‌స్క్రూ గొప్పదే. కానీ నేను అడిగింది నూర్బర్గ్‌రింగ్. అందులో కారుసెల్ అనే మలుపు ఉంది, ఏటవాలు కాంక్రీటు అర్ధచంద్రం. మొదట్లో అది మలుపు లోపలి అంచున ఉన్న నీటి కాలువ. రుడాల్ఫ్ కారచియోలా తన కారు లోపలి చక్రాలను ఆ కాలువలోకి దించి, బయటకు జారకుండా వేగంగా తిరిగాడు. మిగతావాళ్లూ అలాగే చేశారు. ఆ మలుపుకు ఆయన పేరే పెట్టారు. అది లేకుండా నాకు ఈ ట్రాక్ వద్దు.

తారుడ్రమ్ము
దెబ్బలాడుకోకండి, రెండూ పడతాయి. కారుసెల్‌ను మన సిమెంటు రోడ్డు మేస్త్రీలు వేయగలరు. ఏటవాలు సరిగ్గా రావడానికి కాంక్రీటు పోసే అచ్చుల పని శ్రద్ధగా చేయాలి, పలకల మధ్య అతుకులు పైకి లేవకూడదు, అంతే.

కార్క్‌స్క్రూ లాంటి 18 మీటర్ల మిట్టకు లెక్క వేశాను. ఎక్కుడు 300 మీటర్లు, దిగుడు 137 మీటర్లు, పైన 25 మీటర్ల వెడల్పు, పక్కలు ఎత్తు ఒకటికి అడ్డం రెండు చొప్పున వాలు. సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల పూడిక. టిప్పరుకు 14 ఘనపు మీటర్ల చొప్పున 14 వేల లోడ్లు. చీమకుర్తికి ఇది ఒక లెక్కా?

చీమకుర్తి_నల్లరాయి
లెక్కే కాదు. ఆ వ్యర్థాన్ని ఎక్కడ పోయాలన్నదే ఇప్పుడు మా సమస్య.

కనిగిరి_బిందె
నీళ్ల ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

చీమకుర్తి_నల్లరాయి
అమ్మా, దానికీ జవాబు ఉంది. క్వారీ గుంటల్లో వాననీళ్లు, ఊటనీళ్లు నిలుస్తాయి. రాయి తీయాలంటే వాటిని మోటార్లతో తోడి బయట పారబోస్తారు. ఏడాది పొడవునా జరిగే పని. ఆ నీళ్లనే రోలరు పనికి వాడితే బోరు మీదా, ట్యాంకరు మీదా చుక్క భారం పడదు.

కనిగిరి_బిందె
ఆ మాట కాగితం మీద ఉండాలి. తోడిన నీళ్లే తప్ప బోరు నీళ్లు వాడకూడదని మొదటి షరతుగా రాస్తే నాకు అభ్యంతరం లేదు. క్వారీ దుమ్ము పీల్చే ఊళ్లకు ఆ గుట్టలు తగ్గితే మేలే.

సైరన్108
రెండో షరతు నాది. పరుగు జరిగే ప్రతి గంటా ట్రాక్ లోపల అంబులెన్సు, మంటలార్పే బండి ఉండాలి. లేని రోజు గేటు తెరవకూడదు.

షోలవరం_రోజులు
ఐదు కిలోమీటర్లకు ముందు ఒక కిలోమీటరు కార్టింగ్ ట్రాక్ వేయండి. పిల్లలు అక్కడ నేర్చుకుంటే పెద్ద ట్రాక్ సిద్ధమయ్యే వేళకు నడిపేవాళ్లు ఉంటారు.

పెన్నా_ఒడ్డు
పేరు మాత్రం సొంతంగా పెట్టుకోండి. నూర్బర్గ్‌రింగ్ పేరు, గుర్తు వాళ్ల ట్రేడ్‌మార్కు. మలుపు పోలిక తెచ్చుకోవడం ఒక ఎత్తు, పేరు తగిలించుకోవడం ఇంకో ఎత్తు.

ముత్తుకూరు_బూడిద
నేను ఇప్పటికీ మోంజా పక్షమే. మీ గుట్ట కుంగిందని తెలిసిన రోజు మా కోస్తాకు రండి, చేపల పులుసు పెట్టి మరీ నేల చూపిస్తాను.

తారుడ్రమ్ము
కుంగుతుందో లేదో ఊహించడం ఎందుకు, కొలుద్దాం. పాత గుట్ట ఒకటి ఎంచుకుని, దాని మీద గుర్తులు పెట్టి, ఈశాన్య వానలకు ముందు ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి లెవెల్ తీయాలి, అంటే పరికరంతో ఎత్తు కొలవాలి. రెండు కొలతల తేడాయే జవాబు. లీజు ముగిసిన క్వారీల వివరాలు గనుల శాఖ కార్యాలయంలో అడగండి. లీజు నడుస్తున్న చోట అడుగు పెట్టవద్దు.

సిమ్_సీటు
ఆ కొలతలు నాకు పంపండి. గుట్ట మోడల్ తయారు చేసి కారుసెల్‌ను ఎటు తిప్పితే ఎంత పూడిక పడుతుందో చూపిస్తాను.

వెలిగొండ_గాలి
పంపిస్తాను. దసరా సెలవుల్లో ఒంగోలు వస్తున్నాను. దుర్గం చుట్టూ 20 కిలోమీటర్లు అన్న మాట మాత్రం నేను పూర్తిగా వదలలేదు, ఎత్తుల పటం కలిపి చూసేదాకా వదలను. ముందు చీమకుర్తి. లెవెల్ పరికరం ఎవరి దగ్గరైనా ఉందా?

తారుడ్రమ్ము
నా దగ్గర ఉంది, తెస్తాను. స్టాఫు, అంటే కొలత కర్ర, పట్టుకుని గుట్ట ఎక్కి నిలబడటానికి ఒక గట్టి మనిషి కావాలి.

ఒంగోలు_గిత్త
నేను వస్తాను.